పాలు పొంగిన శుక్రవారం, ఆ తర్వాతి సోమవారం

ముందు మీరు అడిగింది నాలుగు మాటల్లో చెప్తాను, మిగతావాళ్ళకూ తెలియాలి కదా. మీది మహబూబ్‌నగర్. బాబుతో అమ్మగారింటికి వచ్చేశారు, విడాకుల కాగితాలు కూడా చేతికి అందాయి. మెట్టుగడ్డ దగ్గర ఒక షటర్ మాట్లాడుకుని టిఫిన్ సెంటర్ పెట్టబోతున్నారు, అడ్వాన్స్ ఇచ్చేశారు. ఆ టెన్షన్‌లో రోజూ రాత్రి ఫోన్‌లో ఒక పాత సీరియల్‌లోని ఒకే ఒక్క ఎపిసోడ్ పెట్టుకుని చూస్తున్నారు. అందులో ఒకావిడ పెట్టెతో కొత్త ఊళ్ళో బస్సు దిగుతుంది. గది అద్దెకు తీసుకుంటుంది. ఇంటావిడ కిరోసిన్ స్టవ్ ఎరువిస్తే దాని మీద పాలు పొంగిస్తుంది. అక్కడికి రాగానే మీకు ఏడుపు వస్తోంది. నలభై సార్లయినా చూసి ఉంటానన్నారు. అమ్మేమో "అదే చూసుడేంది, దిమాక్ ఖరాబైందా" అంటోంది. ఇది బలహీనతా, మానేయాలా అని మీ ప్రశ్న.

బలహీనత కాదు చెల్లెమ్మా. మానక్కర్లేదు. చూసే పద్ధతి మాత్రం కొంచెం మార్చమంటాను.

ఇలా అనడానికి నాకేం అర్హత అంటే, నేను పదిహేడేళ్ళు హైదరాబాద్‌లో డైలీ సీరియళ్ళకు ఎడిటింగ్ చేశాను. మాది నల్గొండ. మీరు చెప్పిన సీరియల్‌కు నేను పనిచేయలేదు. కానీ ఇల్లు వదిలి వచ్చిన ఆడమనిషి కొత్త గదిలో పాలు పొంగించే సీన్లు నా చేతుల మీదుగా ఏడెనిమిదైనా పోయి ఉంటాయి. చీర రంగు మారుతుంది, ఊరు మారుతుంది, గిన్నె మాత్రం చాలాసార్లు అదే.

ఆ సీను ఎట్లా తయారవుతుందో చెప్తాను. మామూలు స్టవ్ మీద అర లీటరు పాలు పొంగాలంటే ఆరేడు నిమిషాలు పడుతుంది. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు, అంటే అరగంట స్లాటులో 6 నిమిషాలు. వాటిని తీసేసి, టైటిల్స్ తీసేసి, నిన్నటి కథ గుర్తుచేసే రీక్యాప్ కూడా తీసేస్తే కథకు మిగిలేది 20, 22 నిమిషాలు. అందులో ఆరు నిమిషాలు పాలకు ఎవరిస్తారు? నేనిచ్చేది 40 సెకన్లు. మన దగ్గర సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి సరిగ్గా 1000 ఫ్రేములు.

సెట్లో స్టవ్ మీద ఒక గిన్నె, కెమెరాకు కనపడకుండా పక్కన ముందే మరిగించిన పాలతో ఇంకో గిన్నె ఉంటాయి. పాలు డైరెక్టర్ మాట వినవు. పైన మీగడ కడుతుంది, కింద ఆవిరి చేరుతుంది, బయటికి దారి లేక మీగడను పైకి తన్నుతుంది. ఆ పొంగు ఉండేది రెండు సెకన్లు. అప్పుడు ఫోకస్ తప్పిందా, స్టవ్ తుడవాలి, గిన్నె తోమాలి, మళ్ళీ మొదటికి. ఒకసారి అయిదు టేకులు పోయాయి. పాలన్నీ దానికే అయిపోవడంతో ఆ సాయంత్రం యూనిట్లో అందరికీ నల్ల చాయే దిక్కయింది. ఆ రోజు హీరోయిన్ కళ్ళల్లో నీళ్ళు నిజమైనవే. స్టవ్ పొగకు వచ్చాయి.

ఇక నా దగ్గరికి వచ్చాక వరుస ఇట్లా ఉంటుంది: గిన్నె, ఆవిడ ముఖం, గిన్నె, గోడకు దేవుడి పటం, మళ్ళీ ముఖం, పొంగు, ఫ్రీజ్, అంటే బొమ్మ అక్కడే ఆగిపోవడం. ఆ రెండోసారి వచ్చే ముఖం దగ్గర ఒక కిటుకు ఉంది. మామూలుగా వదిలే దానికంటే మూడు సెకన్లు ఎక్కువ వదులుతాం. ఆ మూడు సెకన్లలో ఆవిడ ఏమీ చేయదు, మాట్లాడదు, ఊరికే చూస్తుంది. ఏం ఆలోచిస్తుందో మేమూ రాసుకోలేదు, ఆర్టిస్టుకూ చెప్పలేదు. ఆ ఖాళీలో చూసేవాళ్ళు ఎవరి కథ వాళ్ళు పెట్టుకుంటారు. మీరు పెట్టుకున్నది మీ కథ. నలభై సార్లు చూసినా విసుగు రాకపోవడానికి కారణం అదే. ఎపిసోడ్ మారలేదు గానీ మొదటిసారి చూసినప్పుడు అడ్వాన్స్ ఇవ్వలేదు, ఇరవయ్యోసారికి ఇచ్చారు, ఇప్పుడు షటర్‌కు రంగులు వేయిస్తున్నారు. ఆ మూడు సెకన్లలో మీరు పెట్టే సరుకు మారుతూనే ఉంది.

అయినా కథంతా తెలిసి మళ్ళీ చూడడం అనేది ఫోన్లు వచ్చాక మొదలైన జబ్బేం కాదు. మా ఊళ్ళో చిరుతల రామాయణం ఆడితే నాయనమ్మ సంచీలో పేలాలు కట్టుకుని తెల్లారేదాకా కూర్చునేది. సీతమ్మ దొరుకుతుందో లేదో తెలియక కూర్చుందా? మీ పాలమూరు వైపైతే ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచిన పండుగ సాయన్న కథ ఉండనే ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర మీద ఆ కథ పాడితే, చివరికి సాయన్న ఏమవుతాడో తెలిసినవాళ్ళే ముందు వరుసలో కూర్చుంటారు. ఏమవుతుందోనన్న భయం తీరిపోయాకే మిగతావన్నీ కనబడతాయి. మొదటిసారి చూసినప్పుడు ఆ గదికి కిటికీ ఉందో లేదో మీరు గమనించి ఉండరు. ఇప్పుడు అడిగితే దాని రెక్క ఏ పక్కది విరిగిందో కూడా చెప్తారు.

కాబట్టి అమ్మ మాటకు బాధపడకండి. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీరు చూస్తున్నదాంట్లో ఏముందో మీకు నాకంటే బాగా తెలుసు. ఏం లేదో నాకు తెలుసు, ఎందుకంటే తీసేసేవాణ్ణి నేనే.

నా సంగతే చెప్తాను. 2015లో ఒక నిర్మాణ సంస్థ నాకు ఏడు నెలల డబ్బులు ఆపింది. తిరిగి తిరిగి చెప్పులు అరిగాక, చాలు అనుకుని నల్గొండ వచ్చేశాను. క్లాక్‌టవర్ సెంటర్‌కు దగ్గర్లో మేడ మీద గది తీసుకుని పెండ్లి వీడియోల ఎడిటింగ్ పెట్టాను. ప్రారంభం రోజు బ్రహ్మాండంగా జరిగింది. గుమ్మడికాయ కొట్టాం, మా ఆవిడ పాలు పొంగించింది, చుట్టాలంతా వచ్చి లడ్డూలు తిని "మంచిగ నడుస్తది బిడ్డా" అని దీవించి వెళ్ళారు. ఆ రోజు ఫోటోలు చూస్తే నేను కొత్త పెండ్లికొడుకులా ఉన్నాను.

రెండో రోజు ఎవరూ రాలేదు. మూడో రోజు ఒకతను మెట్లెక్కి వచ్చాడు, లేచి నిలబడ్డాను. పై అంతస్తులో పళ్ళ డాక్టర్ ఉన్నాడా అని అడిగాడు. అట్లా 19 రోజులు. కీబోర్డు మీటల మధ్య దుమ్మును ఇయర్‌బడ్‌తో తీసేవాణ్ణి. ఎఫ్ అక్షరం మీట కింద ఒక నువ్వుగింజ ఇరుక్కుని ఉండేది, ప్రారంభం రోజు లడ్డూదే అయి ఉంటుంది. దాన్ని తీయడానికి ఒక పూట పట్టింది, నిజానికి పట్టించాను. కింద చాయ్ కొట్టు పిల్లవాడు రోజూ పదకొండింటికి పైకి వచ్చి "సార్, ఒకటేనా" అనేవాడు. ఇద్దరు కస్టమర్లు ఉంటే మూడు చాయ్‌లు చెప్పాలి కదా, వాడి లెక్క వాడిది. ఆ "ఒకటేనా" అన్న మాట వినలేక ఒకరోజు రెండు చెప్పి రెండూ నేనే తాగాను.

అప్పుడు తట్టింది నాకు. పదిహేడేళ్ళుగా నేను ఎడిటింగ్ టేబుల్ మీద కోసి పారేసింది సరిగ్గా ఈ 19 రోజులనే. ఆవిడ పాలు పొంగించేది శుక్రవారం ఎపిసోడ్. అప్పట్లో చాలా సీరియళ్ళు సోమవారం నుంచి శుక్రవారం దాకానే వచ్చేవి, శనివారాలు కలవడం తర్వాతి ముచ్చట. వారం చివర ఒక గట్టి ఫ్రీజ్ పడాలి, రెండు రోజులు జనం దాన్నే తలుచుకోవాలి. అందుకని పాలు పొంగడం శుక్రవారానికే పడేది. శుభం అని పెట్టారనుకుంటారు చూసేవాళ్ళు. సోమవారానికి రైటర్ ఏం రాసేవాడంటే, ఆవిడ కొట్టు పెడుతుంది, మాంటేజ్, అంటే చిన్న చిన్న ముక్కలు గబగబా చూపించడం. గరిటె తిరుగుతుంది, ఆవిరి లేస్తుంది, జనం క్యూ కడతారు, డబ్బాలో నోట్లు పడతాయి, వెనక పాట. నిమిషంన్నర. మంగళవారానికి విలన్ వచ్చేవాడు. ఎందుకంటే కష్టపడి ఇడ్లీ అమ్ముకునే ఆడదాన్ని చూపిస్తే రేటింగ్ రాదు, ఆవిడ కొట్టు మీద ఎవడో పడి తగలబెడితే వస్తుంది. మీరు శుక్రవారం ఎపిసోడ్ నలభై సార్లు చూశానన్నారు, సోమవారం దాని గురించి ఒక్క మాట కూడా రాయలేదు. నాకేం ఆశ్చర్యం లేదు.

ఇంకా పెద్ద కోత ఏంటంటే "ఆరు నెలల తర్వాత" అని స్క్రీన్ మీద పడే కార్డు. మేము లీప్ అంటాం. కార్డు మూడు సెకన్లు ఉంటుంది. కొత్త జీవితంలో ఇబ్బంది అనేది ఏదైనా ఉంటే దాని కింద పూడ్చేస్తాం. లీప్ వేస్తే అంతా కొత్తగా మొదలవుతుందని మా ఇండస్ట్రీలో కూడా నమ్మకమే. కార్తీకదీపం మీరూ చూసే ఉంటారు, 2017లో మొదలైంది. 2022లో హీరోయిన్ దీపను, ఆమె భర్త డాక్టర్ బాబును ప్రమాదంలో పోయినట్టు చూపించి, పిల్లలు పెద్దవాళ్ళయిన కథతో కొత్తగా మొదలుపెట్టారు. జనం ఒప్పుకోలేదు. కొన్ని నెలలకే ఇద్దరినీ మళ్ళీ తీసుకురావాల్సి వచ్చింది. 2023 జనవరిలో ముగించి, 2024 మార్చిలో అదే జంటతో వేరే కథగా రెండో భాగం మొదలుపెట్టారు. దానికి పెట్టిన ఉపశీర్షిక ఇది నవ వసంతం! అంత పెద్ద సీరియల్‌కే కొత్త మొదలు ఒక్క దెబ్బకు కుదరలేదు. మా ఆవిడైతే దీప లేని ఆ నెలల్లో ఆ టైముకు టీవీ ఆపేసి చింతపండు గింజలు తీసేది.

అందుకని మీకు నేను చెప్పేది, ఆ ఎపిసోడ్ ఈసారి సౌండ్ తీసేసి చూడండి. ఏడుపులో సగం వయొలిన్‌ది. అది తీసేస్తే ఆవిడ చేతులు కనబడతాయి. అగ్గిపుల్ల ఎన్నోదానికి వెలిగింది, పెట్టె ఎక్కడ పెట్టింది, అద్దె డబ్బు ఇచ్చేటప్పుడు లెక్క పెట్టి ఇచ్చిందా, లెక్క పెట్టకుండా ఇచ్చిందా. లెక్క పెట్టకుండా ఇచ్చి ఉంటే ఆ డైరెక్టర్‌కు అద్దె కట్టిన అనుభవం లేదన్నట్టు. ఇంకోసారి, ఎక్కడెక్కడ కట్ పడిందో చూసుకుంటూ పోండి. బస్సు దిగింది, వెంటనే గది తలుపు. మధ్యలో ఏమైంది? ఒంటరి ఆడమనిషికి ఎన్ని ఇండ్లవాళ్ళు గది లేదన్నారు? ఆ రాత్రి ఏం తిన్నది? స్టవ్ ఎరువిచ్చిన ఇంటావిడ దాన్ని ఎప్పుడు తిరిగి అడిగింది? ఆ కట్‌లలో ఉన్నవే మీకు రేపు పనికొచ్చేవి. సీరియల్‌లో ఎవరూ గ్యాస్ బండ గురించి మాట్లాడరు. మీరు మాట్లాడుకోవాలి. ఇంటి 14.2 కిలోల బండ కొట్టులో వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ బండ తీసుకోవాలి, దాని డిపాజిట్ ముందే లెక్కలో వేసుకోండి. షటర్ ముందు పొద్దున అయిదింటికి వెలుతురు ఎట్లా ఉంటుందో ఒకసారి వెళ్ళి నిలబడి చూశారా? చూడండి.

ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. 19 రోజులు ఎవరూ రాకపోతే అది ఓడిపోవడం అని నేను అనుకున్నాను, ఎందుకంటే తెర మీద ఎప్పుడూ అట్లాంటి రోజులు చూపించలేదు. చూపించనిది నేనేనని మరిచిపోయాను. ఇరవయ్యో రోజు తిప్పర్తి నుంచి ఒకాయన పెండ్లి క్యాసెట్ తెచ్చి డిజిటల్‌లోకి మార్చమన్నాడు. 1998 నాటి పెండ్లి, టేపుకు బూజు పట్టింది. ఆ ఒక్క పని నుంచి పాత క్యాసెట్ల పనే నాకు అన్నం పెట్టింది, నేను పెట్టాలనుకున్న పని కాదు. ఇప్పటికీ అదే చేస్తున్నా.

మీ పాలమూరు వాళ్ళకు అసలు నేను చెప్పేదేముంది. పుణె, బొంబాయి బస్సెక్కి పనికి పోయే కుటుంబాలు ఏటా ఎన్ని! వాళ్ళు దాన్ని కొత్త జీవితం అనరు. "బతకపోయిండ్రు" అంటారు, అంతే. నాకు ఆ మాట చాలా ఇష్టం. జొన్నపిండి మూట, రెండు గిన్నెలు, పిల్లను చంకన వేసుకుని దిగిన చోట మూడు రాళ్ళు పెట్టుకుని పొయ్యి వెలిగించడం. ఒక్క సీరియల్ కూడా దాన్ని సరిగ్గా తీయలేదు. మేం తీసినా కోసేవాళ్ళమే, అది వేరే సంగతి. మీ అమ్మ తరంలో మీ ఇంటి నుంచి అట్లా పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అడగండి. మొదటి నెల ఎట్లా గడిచిందో వాళ్ళను చెప్పమనండి.

అమ్మ మాట వచ్చింది కాబట్టి, ఒక రాత్రి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఎపిసోడ్ చూపించండి. ఆమె తిట్టేది సీరియల్‌ను కాదు. పక్క గదిలో నుంచి కూతురు ఏడుస్తున్న చప్పుడు నలభై రాత్రులు వినడం ఎవరికైనా కష్టమే. నేను ఒకసారి నేను ఎడిట్ చేసిన ఇలాంటి సీనునే మా అత్తమ్మకు గర్వంగా చూపించాను. అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు, ఆమె మాత్రం "గంత పెద్ద గిన్నెల గన్ని పాలు పోస్తే యాడ పొంగుతయ్ బిడ్డా" అంది. ఆరు నెలలు ఆ సీను మీద కూర్చున్న డైరెక్టర్‌కు గానీ నాకు గానీ రాని ఆలోచన. మీ అమ్మకూ ఏదో ఒకటి కనబడుతుంది.

ఆ ఎపిసోడ్ మీద మనసు బరువెక్కిన రోజు అమృతం సీరియల్ పెట్టుకోండి. 2001 నుంచి 2007 దాకా ఆదివారాలు వచ్చింది, 300కు పైగా ఎపిసోడ్లు. గుణ్ణం గంగరాజు తీయించినది. ఇద్దరు స్నేహితులు హోటల్ పెడతారు, ఆరేళ్ళపాటు ప్రతి వారం ఏదో ఒకటి చెడిపోతూనే ఉంటుంది, మళ్ళీ వారం హోటల్ తెరిచే ఉంటుంది. హాస్యం కోసం తీశారు గానీ కొట్టు నడపడం గురించి మన టీవీలో వచ్చినవాటిలో నాకు దాన్ని మించి నిజమనిపించింది ఏదీ లేదు. ఆ ఇంటి ఓనర్ అప్పాజీని చూసినప్పుడల్లా మా మేడ ఓనర్ గుర్తొస్తాడు, నెలాఖరుకు రెండు రోజుల ముందే మెట్ల మీద దగ్గు వినిపించేది.

ఇక మీరు షటర్ తెరిచే రోజు పాలు ఎట్లాగూ పొంగిస్తారు. చిన్న గిన్నె తీసుకోండి, ముప్పావు దాకా పోయండి, మూత పెట్టకండి. ఫోన్ బాబుకు ఇచ్చి అడ్డంగా పట్టుకుని తీయమనండి. స్టవ్ వెలిగించిన దగ్గర నుంచి పొంగేదాకా ఆరు నిమిషాలో ఏడు నిమిషాలో, చెయ్యి నొప్పి పుట్టినా మధ్యలో ఆపొద్దని చెప్పండి. అటూ ఇటూ ఊగినా పర్వాలేదు, మధ్యలో ఎవరైనా వచ్చి ఉల్లిగడ్డలు ఎక్కడ పెట్టాలని అడిగినా పర్వాలేదు. దాన్ని ఎవరికీ ఎడిటింగ్‌కు ఇవ్వకండి, నాకు కూడా.